పెరీనా జువేలా బతికున్నంత కాలం

కోర్టు నుంచి వచ్చిన కాగితంలో నా కొత్త కక్షిదారు పేరు, పుట్టిన ఏడాది ఉన్నాయి. పెరీనా జువేలా, 1906. ఆ కాగితం నా చేతికి వచ్చింది 2019 మార్చిలో. అంటే నూట పదమూడేళ్ళ మనిషి.

నేను ఈ ద్వీపంలో ముప్ఫై ఏళ్ళుగా వకీలు పని చేస్తున్నాను. మేడ మీద గది ఎవరిది, పెరట్లో ఆలివ్ చెట్టు అన్నదమ్ముల్లో ఎవరిది, విడాకులయ్యాక అత్తగారింట్లో ఎన్నాళ్ళుండొచ్చు, అద్దెకున్నవాణ్ణి ఎప్పుడు లేపొచ్చు, ఇవే నాకు వచ్చే కేసులు. చేపల దుకాణం దగ్గర నిలబడ్డా ఎవరో ఒకరు పక్కకి చేరి, "నెదెల్కా గారూ, చిన్న మాట" అంటారు. అయితే ఉన్నదో లేదో తెలియని మనిషి తరఫున నిలబడమని కోర్టు నన్ను నియమించడం అదే మొదటిసారి.

జరిగింది ఇది. ద్వీపం పడమటి కొసన ఒక చిన్న రేవు ఊళ్ళో యాకిత్సా అనే పెళ్ళికాని ముసలావిడ పోయింది. ఇల్లు ఆవిడ చెల్లెలి కూతురు దోబ్రిలాకి వచ్చింది. దోబ్రిలా అవతలి ఒడ్డున పట్నం స్ప్లిట్‌లో ఉంటుంది, కట్టుడు పళ్ళు తయారు చేస్తుంది. ఇల్లు అమ్మేద్దామని భూమి రిజిస్టరు తీయిస్తే అందులో 1932 నాటి రాత ఒకటి బయటపడింది. పై అంతస్తులో సముద్రం వైపు గదిలో నివాసం, వంటింటి పొయ్యి, వాననీటి తొట్టి వాడుక పెరీనా జువేలాకి హక్కు, ఆమె బతికున్నంత కాలం.

పెరీనా అంటే దోబ్రిలా తాతయ్య బార్తుల్‌కి సొంత చెల్లెలు. తండ్రి ఆస్తిలో తన వాటా అన్నకి రాసిచ్చేసి, దానికి బదులు ఆ గది రాయించుకుంది. ఆవిడ చనిపోయినట్టు చర్చి పుస్తకంలో లేదు, మునిసిపాలిటీలో లేదు, శ్మశానంలో పేరు లేదు. చావు కాగితం లేకపోతే హక్కు కొట్టెయ్యరు. ఆ హక్కు ఉండగా ఇల్లు కొనడానికి ఎవరూ ముందుకు రారు. అందుకని ఆవిడ చనిపోయినట్టు ప్రకటించమని దోబ్రిలా కోర్టుకెళ్ళింది. ఆచూకీ లేని మనిషికి సంరక్షకురాలిగా కోర్టు నన్ను వేసింది.

దోబ్రిలా ఫోన్ చేసింది.

"లాయరమ్మా, మీరు ఆవిడ తరఫునట కదా? కక్షిదారు మీ ఆఫీసుకొస్తే కాస్త మెత్తటి కుర్చీ వేయండి, నడుం నొప్పి ఉంటుంది."

"వస్తే వేస్తాను," అన్నాను నేనూ నవ్వుతూ.

"అంతా కాగితాల గోల. నూట పదమూడేళ్ళు ఎవరైనా బతుకుతారా?"

"బతకరని నాకూ తెలుసమ్మా. కానీ వయసు చూసి చట్టం మనిషిని చంపెయ్యదు. ఎవరో ఒకరు చూశామని చెప్పాలి. చెప్పేవాళ్ళు లేకపోతే కోర్టు పిలవాలి, మూణ్ణెల్లు ఎదురుచూడాలి."

అదే జరిగింది. కోర్టు బోర్డు మీద, ఆ ఊరి రేవు దగ్గర బోర్డు మీద ప్రకటన అంటించారు. పెరీనా జువేలా గురించి తెలిసినవాళ్ళు మూడు నెలల్లోగా తెలియజేయాలి. పెరీనా జువేలా బతికి ఉంటే స్వయంగా కోర్టుకు తెలియజేయాలి. అలాంటి ప్రకటనలు నేను చాలా చదివాను. ఈసారి ఆ రెండో వాక్యం దగ్గర ఎందుకో కాసేపు ఆగిపోయాను. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ పిలవని మనిషిని పేరుపెట్టి పిలుస్తున్నట్టుగా అనిపించింది.

ఏప్రిల్‌లో ఆ ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. రాతి ఇల్లు. రేవు నుంచి మెట్ల దారి నేరుగా దాని ముంగిట్లోకి వస్తుంది. కింద వాటాలో స్రెచ్కో అనే పెద్దాయన అద్దెకుంటున్నాడు. సరుకు ఓడల్లో నలభై ఏళ్ళు వంటవాడిగా చేసి దిగాడట. మోకాళ్ళు రెండూ పాడయ్యాయి, కర్ర లేనిదే అడుగు పడదు.

నన్ను చూడగానే ముందు తన సంగతే అడిగాడు.

"లాయరమ్మా, ఇల్లు అమ్మితే నన్ను వీధిలోకి నెట్టేస్తారా?"

"మీకు అద్దె రాత ఉందా?"

"ఉంది. యాకిత్సా అమ్మ రాయించింది. ఇంకా నాలుగేళ్ళుంది."

"అయితే ఇల్లు ఎవరు కొన్నా ఆ నాలుగేళ్ళూ మిమ్మల్ని కదపలేరు. కొన్నవాళ్ళు యాకిత్సా గారి స్థానంలోకి వస్తారు, అంతే."

ఆయన గట్టిగా ఊపిరి వదిలి, నాకు కాఫీ పోశాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి అడిగాడు.

"మరి పైనావిడ సంగతేంటి?"

"ఏ పైనావిడ?"

"మీరు వచ్చింది ఆవిడ కోసమే కదా."

నేను కప్పు కింద పెట్టాను. ఆయన తమాషాకి అన్నట్టు లేడు. పదకొండేళ్ళ కిందట ఇంట్లో దిగేరోజు యాకిత్సా ఒక షరతు పెట్టిందట. రాతలో లేదు, నోటిమాటే. పొద్దున పది నుంచి పదకొండు దాకా వంటింట్లోకి వెళ్ళకూడదు. ఆ గంట పైనావిడది.

"నేను అడిగాను, పైన ఎవరున్నారమ్మా అని. మా అత్త అంది. సరే, ముసలావిడ ఎవరో మంచంలో ఉందనుకున్నా. ఏడాది దాటాక గానీ నాకు తట్టలేదు, పైకి ఎవరూ అన్నం తీసుకెళ్ళడం లేదని."

"మీరెప్పుడైనా చూశారా?"

"చూడలేదు. కానీ పదకొండింటికి వెళితే పొయ్యి వెచ్చగా ఉంటుంది. నేను ముట్టించను. యాకిత్సా అమ్మ మంచాన పడ్డాక కూడా అలాగే ఉంది, ఆవిడ పోయాకా అలాగే ఉంది. నలభై ఏళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డవాణ్ణి తల్లీ, వేడిపొయ్యికీ ఎండకి కాగిన పొయ్యికీ తేడా తెలియదా నాకు?"

"మీకు భయం వెయ్యలేదా?"

"ఓడలో ఆరుగురితో ఒకే వంటగది పంచుకున్నాను. వాళ్ళకంటే ఈవిడ నయం. గిన్నెలు కడిగి పెడుతుంది."

నేను ఒక్కదాన్నే పైకెళ్ళాను. మధ్యాహ్నం ఒంటిగంట. సముద్రం వైపు గది తలుపు దగ్గరికి వేసి ఉంది, గొళ్ళెం లేదు. లోపల ఇనుప మంచం, తెల్ల దుప్పటి, గోడకి చిన్న శిలువ, ఒక చెక్కపెట్టె. యాకిత్సా పోయి అప్పటికి ఎనిమిది నెలలు. పక్కనున్న ఆవిడ గదిలో వేలితో పేరు రాసేంత దుమ్ముంది. ఇక్కడ నేల మీద చెయ్యి రాస్తే చేతికి ఏమీ అంటలేదు. మంచం పక్కన కుర్చీ మీద తువ్వాలు ఆరేసి ఉంది. ముట్టుకున్నాను. అంచు ఇంకా తడిగా ఉంది.

స్రెచ్కో కర్రతో ఆ మెట్లెక్కలేడు. ఎక్కాడనుకున్నా తువ్వాలు తడిపి ఎందుకు పెడతాడు? నేను కిందికి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని దిగాను. అది మాత్రం ఒప్పుకోవాలి.

ముంగిట్లో పక్కింటి వింకా మామ్మ గోడ అవతల నిలబడి ఉంది. ఎనభై ఆరేళ్ళు, నల్లబట్టలు, చేతిలో వెల్లుల్లి జడ.

"కోర్టు మనిషివా?" అంది.

"అవును మామ్మా. పెరీనా గారి గురించి మీకేమైనా తెలుసా?"

"తెలుసు. కానీ నీకు చెప్పను. ఆ ఇంటిపిల్లని రమ్మను, దాని ముందు చెబుతా. అయినా నాదొక ప్రశ్న ఉంది, నువ్వు చెప్పు. నా కొడుకు నన్ను చూడకపోతే వాడి వాటా మనవరాలికి రాసెయ్యొచ్చా?"

మొత్తం రాయడం కుదరదనీ, కొడుక్కి చట్టం కొంత వాటా కాపాడుతుందనీ చెప్పాను. "దరిద్రపు చట్టం," అని తల తిప్పుకుంది.

మూణ్ణెల్లు గడిచాయి. ఎవరూ ఏమీ తెలియజేయలేదు. జూన్ చివర్లో విచారణ పెట్టారు. జడ్జి గారు, టైపిస్టు, దోబ్రిలా, నేను. పదిహేను నిమిషాల పని. పద్ధతి ప్రకారం ఆచూకీ లేని మనిషి పేరు కూడా పిలవాలి. బంట్రోతు యురే వరండాలోకి వెళ్ళి మూడుసార్లు పిలిచాడు. పెరీనా జువేలా, పెరీనా జువేలా, పెరీనా జువేలా. లోపలికి వచ్చి తలుపు వెయ్యకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైందయ్యా, తలుపు వెయ్యి," అన్నారు జడ్జి గారు.

"వస్తున్నారండీ. మెట్లెక్కుతున్నారు. పెద్దావిడ, మెల్లిగా వస్తున్నారు."

దోబ్రిలా నవ్వబోయి ఆగింది. మేమందరం తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. కోర్టు మెట్లు ఇరవై కూడా ఉండవు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. జడ్జి గారే లేచి వెళ్ళి చూసొచ్చారు. మెట్ల మీద ఎవరూ లేరు. కింద గేటు దగ్గర కాపలాదారు ఎవరినీ లోపలికి పంపలేదన్నాడు.

"ఈ ద్వీపంలో నల్లబట్టల ముసలమ్మలకి కరువా? ఎవరో దారి తప్పి ఉంటారు," అన్నారు జడ్జి గారు, కూర్చుంటూ. యురే తలుపు వేసి తన చోటికి వెళ్ళాడు. పేరు పిలిచినప్పుడు ఆవిడ తల ఎత్తి చూసిందని నాకు తర్వాత చెప్పాడు.

"సంరక్షకురాలు చెప్పాల్సిందేమైనా ఉందా?"

లేదు అంటే ఆ పూటే పని అయిపోయేది. ఉంది అంటే నలుగురిలో నవ్వులపాలవుతాను. ఆమె బతికుందనడానికి ఏ చిన్న సమాచారం తెలిసినా దాచకూడదు, నా విధి అది. ముప్ఫై ఏళ్ళలో ఏ కక్షిదారుకీ నేను ద్రోహం చెయ్యలేదు. నోరు లేని కక్షిదారుకి చెయ్యడానికి మనసొప్పలేదు. లేచి నిలబడ్డాను. స్రెచ్కో చెప్పింది, నేను చూసింది, వింకా మామ్మ అన్నది, ఉన్నదున్నట్టు చెప్పాను. దోబ్రిలా నా వైపు కోపంగా చూసింది.

"లాయరమ్మా, మీకు మతి ఉందా? ఒక ముసలోడి పొయ్యి కబుర్లు పట్టుకుని నా ఇంటి అమ్మకం ఆపేస్తారా?"

జడ్జి గారు గడ్డం గోక్కుని, "పోయి చూసొస్తే సరిపోతుందిగా," అన్నారు. వచ్చే మంగళవారం స్థల పరిశీలనకి రాసుకున్నారు.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకే అందరం ఆ ముంగిట్లో ఉన్నాం. జడ్జి గారు పద్ధతైన మనిషి. ఇల్లంతా తిరిగారు. పొయ్యి తలుపు తీసి బూడిదలో చెయ్యి పెట్టి చూశారు. చల్లగా ఉంది. వంటింటికి ముంగిట్లోకి ఒకటి, మెట్ల వైపు ఒకటి, రెండే దారులు. ముంగిలి తలుపు ఎదురుగా మేము కూర్చున్నాం. ఇంట్లో ఎవరూ లేరని ఆయనే రాయించారు. పదవుతుంటే స్రెచ్కో మాత్రం వంటింటి గడపలో కర్ర అడ్డంపెట్టాడు.

"అయ్యా, గంటసేపు బయటే కూర్చోండి. ఇన్నేళ్ళ మాట, తప్పించకండి."

"గంటే కదా. ఈలోపు సాక్షి మాట రాసుకుందాం," అన్నారు జడ్జి గారు.

వింకా మామ్మని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ జడ్జి వైపు చూడలేదు, దోబ్రిలా వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"నలభై నాలుగులో జర్మన్లు వస్తున్నారని ద్వీపం ఖాళీ చేయించారు. పడవల్లో ఇటలీకి, అక్కణ్ణుంచి ఈజిప్టు ఎడారిలో గుడారాలకి. నాకప్పుడు పదకొండేళ్ళు. ఇంటిపెద్ద వచ్చి తన వాళ్ళ పేర్లు రాయించాలి. మీ తాత బార్తుల్ పెళ్ళాం పేరు రాయించాడు, పిల్లల పేర్లు రాయించాడు. చెల్లెలి పేరు రాయించలేదు. ఇల్లు కనిపెట్టుకుని ఉంటుందిలే, తనే రానంది, అన్నాడు."

"తనే రానందేమో," అంది దోబ్రిలా.

"రానన్న మనిషి మూట కట్టుకుని రేవుకొస్తుందా? వచ్చిందమ్మా. మా ముందే నిలబడింది. రాసేవాడు లిస్టంతా వెతికి, నీ పేరు లేదమ్మా అన్నాడు. ఆవిడ అన్న వంక చూసింది. వాడు పడవలో తాళ్ళు సర్దుకుంటున్నట్టు వంగిపోయాడు. మీ పెద్దమ్మ యాకిత్సాకి అప్పుడు ఎనిమిదేళ్ళు. అత్తా, అత్తా, అని ఒకటే ఏడుపు. పెరీనా మూట చంకన పెట్టుకుని ఇదిగో, ఈ మెట్లే ఎక్కి వెనక్కి వెళ్ళిపోయింది."

టైపిస్టు చెయ్యి ఆపింది.

"తిరిగొచ్చాక?" అని అడిగారు జడ్జి గారు.

"నలభై ఆరులో వచ్చాం. ఊరంతా పాడుపడి ఉంది. ఈ ఇల్లు మాత్రం ఊడ్చి ఉంది. పక్క సర్ది ఉంది. పొయ్యిలో నిప్పుంది. మనిషి లేదు. బార్తుల్ మూడు రోజులు కొండంతా తిరిగి పిలిచాడు. ఆ తర్వాత ఆ పేరు ఎత్తలేదు. చచ్చిపోయిందంటే శవమేదంటారు. కనబడలేదంటే వదిలేసి ఎందుకు పోయావంటారు. అందుకని ఎవరికీ ఏదీ చెప్పలేదు. ఒక్క యాకిత్సా మాత్రం, మా అత్త పైన ఉంది, పొయ్యి ఆవిడకి వదలండి, అనేది. చిన్నపిల్ల మాట అనుకున్నారు. అది ముసలిదయ్యాక కూడా అదే అంది."

దోబ్రిలా ఏదో అనబోయింది. అప్పుడే నాకు కట్టె కాలుతున్న వాసన వచ్చింది. అందరికీ వచ్చింది, ఎందుకంటే అందరం ఒకేసారి తలెత్తాం. వంటింటి పొగగొట్టంలోంచి సన్నటి పొగ నిటారుగా పైకి లేస్తోంది. పట్టపగలు, ఎండ, గాలి లేదు. పదీ ఇరవై.

జడ్జి గారు లేచారు. స్రెచ్కో ఆయన చెయ్యి పట్టుకుని, "పదకొండు కానీండయ్యా," అన్నాడు. ఆయన విడిపించుకుని లోపలికి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. పొయ్యిలో కట్టె చిటపటమంటూ మండుతోంది. దాని మీద చిన్న గిన్నెలో నీళ్ళు, ఇంకా కాగలేదు. బల్ల మీద ఆకుకూర కడిగి పెట్టి ఉంది, ఆకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. మెట్ల వైపు తలుపు మెల్లిగా దగ్గరికి పడుతోంది, ఎవరో అప్పుడే దాటి వెళ్ళినట్టు. ఆ తర్వాత పై నుంచి అడుగులు. తొందర లేదు. మూడు, నాలుగు. మంచం కిర్రుమంది.

జడ్జి గారు పైకెళ్ళారు. రెండు నిమిషాల్లో కిందికొచ్చి రాయించారు. పది గంటల ఇరవై నిమిషాలకి పొయ్యి వెలిగి ఉంది. వెలిగించిన వ్యక్తి కనబడలేదు. పై అంతస్తులో అడుగుల చప్పుడు హాజరైనవాళ్ళు విన్నారు. వెళ్ళి చూడగా గదిలో ఎవరూ లేరు. పక్క మీద కూర్చున్న గుర్తు ఉంది. టైపిస్టు ఆ వాక్యాలు రెండుసార్లు కొట్టింది.

దోబ్రిలా మెట్ల దగ్గరికి వెళ్ళి మొదటి మెట్టు మీద నిలబడింది. ఫోన్‌లో నాతో జోకులు వేసిన గొంతు కాదది.

"అత్తమ్మా... మిమ్మల్ని ఏమని పిలవాలో కూడా నాకు తెలీదు. తాతయ్య మీ పేరు రాయించలేదన్న సంగతి ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు. ఆయన చేసిందే ఇప్పుడు నేనూ చెయ్యబోయాను. మీరు లేరని రాయించబోయాను. తప్పయింది. మీ గది మీదే. ఈ ఇల్లు నేను అమ్మను."

దోబ్రిలా మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. స్రెచ్కో గుమ్మంలోంచి, "ఇక బయటికి రండమ్మా, ఆవిడ వంట పూర్తి చేసుకోవాలి," అన్నాడు.

మర్నాడే దోబ్రిలా అర్జీ వెనక్కి తీసుకుంది. ఇల్లు అమ్మకానికి పెట్టిన ప్రకటన తీయించేసింది. తన తాత పని ఊళ్ళో అందరికీ తెలిసిపోయిందని కొన్నాళ్ళు బాధపడింది గానీ, ఆగస్టులో సెలవు పెట్టి వచ్చి యాకిత్సా గది తుడిపించుకుని అందులోనే దిగింది. స్రెచ్కోకి కొత్తగా అద్దె రాత రాయించింది. పది నుంచి పదకొండు దాకా వంటిల్లు వదలాలన్న షరతు ఈసారి కాగితం మీదే పెట్టమంది. అలా రాయొచ్చా అని అడిగితే, ఇద్దరికీ ఇష్టమైతే చట్టానికి అభ్యంతరం లేదన్నాను. స్రెచ్కో సంతకం పెడుతూ, "పైనావిడ సంతకం అక్కర్లేదా?" అన్నాడు. దోబ్రిలా ఆయన చేతి మీద ఒకటి వేసింది.

కేసు మూసేసినట్టు కోర్టు ఉత్తర్వు సెప్టెంబరులో నాకు అందింది. సంరక్షకురాలి బాధ్యత కూడా దాంతో ముగిసిందని అందులో ఉంది. ఒక్క పని మిగిలింది. ఫలితమేమిటో కక్షిదారుకి చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ అడగరు. అయినా శనివారం మధ్యాహ్నం పడమటి ఊరికి వెళ్ళాను.

స్రెచ్కో ముంగిట్లో రేడియో పెట్టుకుని చేపలు శుభ్రం చేస్తున్నాడు. ఎందుకొచ్చారని అడగలేదు. నేను పైకెళ్ళి తలుపు తట్టి, కాసేపాగి లోపలికి వెళ్ళాను. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. గదిలో ఎవరూ లేరు. నిలబడే ఉత్తర్వు మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. చదివాక కాగితం మడిచి, "పెరీనా గారూ, మీ హక్కు ఎప్పట్లాగే ఉంది. ఇక మీ పేరు ఎవరూ కొట్టెయ్యరు," అన్నాను. కాగితం నకలు ఒకటి చెక్కపెట్టె మీద పెట్టి వచ్చేశాను.

ముంగిట్లోకి దిగానో లేదో పైన కిటికీ చెక్కరెక్క ఒకటి మూసుకుంది. కాసేపాగి రెండోది. గాలికి కొట్టుకున్నట్టు కాదు. మధ్యాహ్నం కునుకు తీసేముందు ఎండ పడకుండా ఇళ్ళల్లో వేసుకున్నట్టు, మెల్లిగా, లోపలి నుంచి గడియ పడిన చప్పుడుతో సహా.

స్రెచ్కో చేపల చేతిని ప్యాంటుకి తుడుచుకుని రేడియో సౌండు తగ్గించాడు.